మొదటి భాస్కర్

ఏడో తరగతి దాకా నేను ఒట్టి భాస్కర్‌ని. 1981 జూన్‌లో, ఎనిమిదిలోకి ఇంకో భాస్కర్ వచ్చి చేరాడు. ఇంటిపేర్లతో వేరు చేద్దామంటే ఇద్దరిదీ ఒకే అక్షరం. లెక్కల మాస్టారు హాజరుపట్టీ మూసి, "గణిత చరిత్రలోనూ ఇద్దరు భాస్కరులతో ఇదే చిక్కు వచ్చింది. నువ్వు మొదటి భాస్కరుడివి, వాడు రెండో భాస్కరుడు" అని తేల్చేశారు. నేను పొంగిపోయాను. ఆ పొంగు మొదటి పరీక్షల దాకానే నిలిచింది. లెక్కల్లో వాడికీ నాకూ పోలికే లేదు.

ఆ నవంబరులోనే భాస్కర-2 ఉపగ్రహం సోవియట్ నేల మీది నుంచి ఎగిరింది. తరగతంతా వాణ్ణి భుజాలకెత్తుకుంది. భాస్కర-1 అంతకు రెండేళ్ల ముందే వెళ్లింది. అప్పుడు నన్నెవరూ తలుచుకోలేదు.

మాస్టారు చెప్పే కథలన్నీ రెండో భాస్కరుడివే. 1114లో పుట్టి, 36 ఏళ్లకే 'సిద్ధాంత శిరోమణి' రాశాడు. అందులోని 'లీలావతి' పేరు లెక్కలంటే గిట్టనివాళ్లకూ తెలుసు. నీటి గడియారంలో ముత్యం పడి కూతురు లీలావతి పెళ్లి ముహూర్తం దాటిపోయిన కథను మాస్టారు కళ్లకు కట్టేలా చెప్పేవారు. అది 1587 నాటి పారశీక అనువాదం నుంచి వచ్చిన కథ అని తర్వాత తెలిసి, ఎందుకో నాకు కోపం వచ్చింది. లెక్క మాత్రం కథ కాదు. ఒక సంఖ్య వర్గాన్ని 61తో హెచ్చవేసి 1 కలిపితే మళ్లీ పూర్ణవర్గం రావాలి. సున్నాను వదిలేస్తే, సరిపోయే అతి చిన్న సంఖ్య 22,61,53,980. ఒకే మెట్టును మళ్లీ మళ్లీ తిప్పుతూ జవాబుకు చేరే చక్రవాల పద్ధతితో ఆయన దాన్ని పట్టుకున్నాడు. 1657లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా తోటి గణితజ్ఞుడు ఫ్రెనికల్‌కు విసిరిన సవాలులోనూ ఇదే లెక్క ఉంది. మా రెండో భాస్కర్ ఆ తొమ్మిదంకెలనూ నల్లబల్ల మీద హెచ్చవేసి చూపించాడు. ఒక పీరియడంతా పట్టింది.

నా భాస్కరుడు నాకు నలభై దాటాక దొరికాడు. 629లో ఆర్యభటీయానికి భాష్యం రాసినవాడు. 'మహాభాస్కరీయం'లో ఆయన ఇచ్చిన సూత్రంతో పట్టికలు లేకుండానే సైన్ విలువ కట్టవచ్చు. కోణాన్ని 180లోంచి తీసి, మిగిలినదాన్ని ఆ కోణంతోనే హెచ్చవేయాలి. ఆ లబ్ధాన్ని 40,500లోంచి తీసివేసి, వచ్చినదానితో లబ్ధానికి నాలుగు రెట్లను భాగించాలి. 30 డిగ్రీలకు 18,000ను 36,000తో భాగిస్తాం, సరిగ్గా సగం. కాగితం మీద అది తేలగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. బతికుండగా ఆయనను మొదటి భాస్కరుడని ఎవరూ పిలిచి ఉండరు. ఐదు శతాబ్దాల తర్వాత రెండోవాడు పుట్టేదాకా ఆయనా ఒట్టి భాస్కరుడే.

మొన్నటి పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో ఆహ్వానపత్రం వెనక ఈ సూత్రం రాసి మా రెండోవాడి చేతిలో పెట్టాను. వాడు 45 డిగ్రీలకు కట్టి చూశాడు. 0.7059 వచ్చింది; రావలసింది 0.7071.

"మూడో దశాంశం దగ్గర తప్పిందిరా" అన్నాడు.

"ముప్ఫైకి కట్టి చూడు" అన్నాను.