శర శశి షట్క చంద్ర: ఒక ఇరవై అంకెల సంఖ్య

1,84,46,74,40,73,70,95,51,615. ఈ సంఖ్య నాకు చూడకుండా వచ్చు. అంకెలు బట్టీ పట్టలేదు, పద్యం వచ్చు, అంతే. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, అలా రెట్టింపు చేసుకుంటూ పోతే 64 గడులకీ కలిపి వచ్చే మొత్తం ఇది. తెలుగులో తొలి గణిత గ్రంథం రాసిన పావులూరి మల్లనదిగా చెప్పుకునే పద్యంలో ఇరవై అంకెలూ మాటలుగా ఉంటాయి. శర అంటే మన్మథుడి బాణాలు, 5. శశి 1. రంధ్ర అంటే నవరంధ్రాలు, 9. వియత్తు ఆకాశం కాబట్టి సున్నా. చివర్లో బ్రహ్మ ముఖాలు 4, దిగ్గజాలు 8, మళ్ళీ చంద్రుడు 1. అంకెల్ని కుడి నుంచి ఎడమకి రాసుకుంటూ పోవాలి.

అంటే పద్యంలో మొదటి మాటే ఒకట్ల స్థానం. 'శర' అనగానే ఇది 5తో భాగింపబడుతుందని తెలిసిపోతుంది! అంకెలన్నీ కూడితే 87, కాబట్టి 3తో పోతుంది, 9తో పోదు.

మిగతా కారణాంకాలు ఏమిటా అని ఒక ఆదివారం కాగితం తీసుకుని కూర్చున్నాను. ఇది 2⁶⁴ కంటే ఒకటి తక్కువ, అంటే బళ్ళో నేర్చుకున్న ఏ స్క్వేర్ మైనస్ బీ స్క్వేర్ సూత్రం సరిపోతుంది: 2³²+1 ఒక ముక్క, 2³²−1 ఇంకో ముక్క, ఆ రెండోది మళ్ళీ అలాగే విడిపోతుంది, మళ్ళీ, మళ్ళీ, చివరికి 3, 5, 17, 257, 65537 వరసగా రాలిపడతాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఇంత పెద్ద సంఖ్య ఇంత శుభ్రంగా విడిపోతుంటే నాకు కాసేపు చెయ్యి ఆడలేదు.

మిగిలింది 2³²+1, అంటే 4,29,49,67,297. ఇదీ ప్రధాన సంఖ్యే అని గణిత శాస్త్రజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. కాదని 1732లో ఇంకో గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ తేల్చాడు. దీన్ని భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 64తో భాగిస్తే 1 మిగలాలి అన్న విషయం ఒక్కటి తెలిస్తే వెతకడం చాలా తేలికైపోతుంది, ఎందుకంటే అలాంటి ప్రధాన సంఖ్యలు మొదట్లో 193, 257, 449, 577, 641, ఇవే. క్యాలిక్యులేటర్ ముట్టుకోకుండా ఒక్కొక్కటే భాగించుకుంటూ వచ్చాను, నాలుగుసార్లు శేషం మిగిలింది, అయిదోసారి 641తో సున్నా వచ్చింది. భాగఫలం 67,00,417, అదీ ప్రధాన సంఖ్యే.

మొత్తం ఏడు ప్రధాన కారణాంకాలు, ఏదీ రెండుసార్లు రాలేదు. భాజకం కట్టేటప్పుడు ఒక్కోదాన్ని తీసుకోవచ్చు, లేదా వదిలేయొచ్చు. కాబట్టి పద్యంలోని సంఖ్యని శేషం లేకుండా భాగించే సంఖ్యలు సరిగ్గా 2⁷, అంటే 128. రెట్టింపు చేసుకుంటూ పోయే గింజల వరసలో అది ఎనిమిదో గడి.