సుద్ద గీత కదలని బెల్ట్ కోసం: నాలుగు నెలల పిస్టల్ షూటింగ్ లాగ్

మార్చి 9, 2024

పిస్టల్ షూటింగ్ మ్యాచ్. మూడో స్టేజ్‌లో, అంటే మ్యాచ్ మూడో భాగంలో, బజర్ మోగింది. పిస్టల్ లాగాను. పిస్టల్‌తో పాటు హోల్స్టర్ (బెల్ట్‌కి ఉండే పిస్టల్ ఒర) కూడా అంగుళం పైకి లేచింది, ఆ తర్వాతే నా గ్లాక్ పిస్టల్ ఊడి చేతిలోకి వచ్చింది. రెండో మ్యాగజైన్ (తూటాలు నింపిన పెట్టె) కోసం ఎడమ చెయ్యి పోతే అది ఉండాల్సిన చోట లేదు, వెనక్కి జరిగిపోయింది. వెతుక్కునే లోపు రెండు సెకన్లు. నేను కట్టుకున్నది రోజూ ఆఫీసుకి పెట్టుకునే తోలు బెల్టే. ప్యాంటు జారకుండా ఆపడం దానికి వచ్చు, మూడు పౌండ్ల బరువుని పట్టుకుని నిలబడటం రాదు.

ఇంటికొచ్చి ఈ లాగ్ మొదలుపెట్టాను. మేం ఉండేది డాలస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కోలో. యూఎస్‌పీఎస్‌ఏ, అంటే అమెరికాలో షూటింగ్ పోటీలు నడిపే సంస్థ, మ్యాచ్‌లకి వెళ్లడం మొదలుపెట్టి ఏడాదైంది. 1984లో మొదలైన ఈ సంస్థ ఆధ్వర్యంలో ఇక్కడ చుట్టుపక్కల దాదాపు ప్రతి వారాంతం ఏదో ఒక రేంజ్‌లో (కాల్పుల మైదానంలో) మ్యాచ్ ఉంటుంది. నేను ఆడేది క్యారీ ఆప్టిక్స్ డివిజన్. అంటే మామూలు సర్వీస్ పిస్టల్ మీద రెడ్ డాట్, అంటే ఎర్ర చుక్కతో గురి చూపించే సైట్, బిగించి ఆడేది.

మనవాళ్లకి ఒక మాట ముందే చెప్పాలి, మేమూ రావచ్చా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి. హెచ్‌1బీ, ఎఫ్‌1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్సు ఉండటం లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. స్నేహితుడి తుపాకీని రేంజ్‌లో కాసేపు పట్టుకోవడం కూడా ఇందులోకే రావచ్చు. ఇంత కష్టపడి తెచ్చుకున్న ఇమిగ్రేషన్‌ని ఒక మధ్యాహ్నం సరదా కోసం పణంగా పెట్టొద్దు, ముందు లాయర్‌ని అడగండి. నేను గ్రీన్ కార్డ్ చేతికొచ్చాకే దీని జోలికి వచ్చాను.

మార్చి 17

రేంజ్‌లో పరిచయమైన ఖమ్మం అన్న ఒకాయన ఉన్నారు, నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. ఫోన్ చేసి ఏ బెల్ట్ కొనమంటారన్నా అని అడిగాను. "బెల్ట్ సంగతి తర్వాత తమ్ముడూ, ముందు నీ నడుం కొలుచుకున్నావా?" అన్నారు.

కొలిచాను. నా జీన్స్ మీద 36 అని ఉంటుంది. మా ఆవిడ బ్లౌజులు కొలిచే టేపు తీసుకుని, ప్యాంటు వేసుకుని, బెల్ట్ లూపుల మీదుగా, ఊపిరి బిగబట్టకుండా మామూలుగా నిలబడి కొలిస్తే 39న్నర అంగుళాలు వచ్చింది. జీన్స్ నంబరు చూసి ఆర్డర్ పెట్టుంటే బెల్ట్ తిరుగు టపాలో పోయేది. ఈ బెల్టులు ప్యాంటు మీద, లోపలి బెల్ట్ మీద కడతారు కాబట్టి ఆ మందం కూడా కొలతలో రావాలి. సైజు చార్టులో మీ కొలత మధ్యలో పడేలా చూసుకోండి. చివర్లో పడితే, సంక్రాంతికి ఊరెళ్లొచ్చి రెండు కిలోలు పెరిగినా బెల్ట్ పనికిరాదు.

మార్చి 30

బెల్ట్ వచ్చింది. రెండు ముక్కలది. లోపలి బెల్ట్ ఒకటిన్నర అంగుళం వెడల్పు, పల్చగా ఉంటుంది. మామూలు బెల్ట్ లాగే ప్యాంటు లూపుల్లోంచి పోతుంది, దాని బయటివైపు అంతా వెల్క్రో మెత్తటి ముఖం. పై బెల్ట్ బిరుసుగా ఉంటుంది, దాని లోపలివైపు వెల్క్రో కొక్కేల ముఖం. ఒకదాని మీద ఒకటి అద్దితే అతుక్కుపోతాయి. చేలో నడిచొస్తే ఉత్తరేణి గింజలు పంచెకి పట్టుకుంటాయి చూడండి, సరిగ్గా ఆ పట్టు. వెల్క్రో కనిపెట్టిన స్విట్జర్లాండ్ ఇంజినీరు జార్జ్ ద మెస్ట్రల్‌కి కూడా ఆలోచన అలాగే వచ్చింది, తన కుక్క బొచ్చుకి పట్టుకున్న ముళ్ల కాయల్ని చూసి.

బిరుసు అంటే రెండు రకాలు, కొనేటప్పుడు నాకు ఎవరూ చెప్పని సంగతి ఇది. బెల్ట్‌ని పక్కకి నిలబెట్టి, ఒక చివర పట్టుకుని చూస్తే రెండో చివర కిందకి వాలకూడదు. ఆ బిరుసే తుపాకీ బరువుని మోస్తుంది. కానీ నడుం చుట్టూ తిప్పేటప్పుడు మాత్రం వంగాలి. రెండువైపులా రాయిలా ఉన్న బెల్ట్ కడితే తుంటి ఎముకల మీద ఎర్రగా కమిలిపోతుంది. షాపులో పట్టుకుని చూడగలిగితే ఈ రెండూ చూసి తీసుకోండి.

ఏప్రిల్ 13

మొదటి ఉత్సాహంలో బెల్ట్ మీద స్థలం ఉన్నచోటల్లా ఏదో ఒకటి తగిలించాను. అయిదు మ్యాగజైన్ పౌచ్‌లు (మ్యాగజైన్ పెట్టుకునే ఒరలు), వెనక ఫస్ట్ ఎయిడ్ కిట్, ఖాళీ మ్యాగజైన్లు వేసుకునే సంచి, మల్టీటూల్. తుపాకీ పక్కన పెట్టి, ఇండియా ప్రయాణానికి సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసుకి బెల్ట్ తగిలిస్తే 3.3 కిలోలు చూపించింది.

అది కట్టుకుని కారెక్కితే వెనకున్న కిట్ వెన్నెముకకి గుచ్చుకుంది. మోకాలి మీద కూర్చుని కాల్చే స్టేజ్‌లో మల్టీటూల్ తొడలో దిగింది. మ్యాచ్‌లో ఏ స్టేజ్‌కీ 32 రౌండ్లకి (తూటాలకి) మించి కాల్చే అవసరం రాదు. తుపాకీలో ఒకటి, బెల్ట్ మీద మూడు మ్యాగజైన్లు ఉంటే పొరపాట్లకి కూడా సరిపోతుంది. మిగతావన్నీ రేంజ్ బ్యాగ్‌లోకి పోయాయి.

హోల్స్టర్ దగ్గర ఇంకో దెబ్బ. పోలీసులు, సైనికులు పెట్టుకున్నట్టు కిందకి వేలాడేది, తొడకి పట్టీ ఉన్నది తీసుకున్నాను. మ్యాచ్ మొదలవక ముందే భద్రత, నియమాలు చూసే రేంజ్ ఆఫీసరు గమనించి, మర్యాదగానే, దీంతో స్టేజ్ ఆడనివ్వనన్నారు. తొడకి కట్టే హోల్స్టర్ నిబంధనలకి కుదరదు, పైగా పిస్టల్ పిడి అడుగు భాగం బెల్ట్ పై అంచుకంటే కిందకి ఉండకూడదు. ఆ రోజు ఖమ్మం అన్న తన పాత హోల్స్టర్ ఇచ్చి కాపాడారు. బెల్ట్ దేనికోసం కొంటున్నామో, ఆ ఆట నియమాలు చదివాకే పౌచ్‌ల దగ్గరికి వెళ్లాలి. ట్యాక్టికల్ క్లాసులకి అద్భుతంగా ఉండేది మ్యాచ్‌లో చెల్లకపోవచ్చు.

మే 4

ఈ రెండు వారాలు పెట్టింది ఒక్క విషయం మీద: పౌచ్ ఎక్కడ ఉండాలి.

ఇంట్లో డ్రై ప్రాక్టీస్, అంటే అసలు తూటాలు లేకుండా సాధన, గ్యారేజీలో చేస్తాను. తూటాలన్నీ వేరే గదిలో, తాళం వేసి. ఛాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందా అని కంటితో ఒకసారి, వేలితో ఒకసారి చూస్తాను. మ్యాగజైన్లలో నారింజ రంగు డమ్మీ రౌండ్లు ఉంటాయి, బరువు కాస్తయినా అసలుదానిలా ఉండాలని. ముందు కళ్లు మూసుకుని, తుపాకీ లేకుండా ఎడమ చేతిని నడుం మీదకి సహజంగా వదులుతాను. చెయ్యి ఎక్కడ వాలితే అక్కడ టైలర్ సుద్దతో గీత. ఇరవైసార్లు చేస్తే పదహారు గీతలు ఒకే చోట పడ్డాయి, బొడ్డు నుంచి ఎడమకి అయిదున్నర అంగుళాల దగ్గర. మొదటి పౌచ్ అక్కడుండాలి.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. నా పై బెల్ట్ మోలీ రకం. అమెరికా సైన్యం కోసం నేటిక్ పరిశోధన కేంద్రంలో తయారైన పద్ధతి ఇది. అంగుళం వెడల్పు పట్టీని ప్రతి ఒకటిన్నర అంగుళానికి ఒక కుట్టు వేసి గళ్లు చేస్తారు. పౌచ్ ఆ గళ్లలోంచి అల్లుకుపోతుంది కాబట్టి ఒకసారి పెడితే కదలదు. కానీ జరపాలంటే ఒకటిన్నర అంగుళం చొప్పునే జరుగుతుంది. నాకు కావలసింది ముప్పావు అంగుళం! ఒక గడిలో పెడితే మోచెయ్యి పక్కటెముకలకి తగులుతోంది, పక్క గడిలో పెడితే మణికట్టు వంగిపోతోంది.

చివరికి మోలీ పౌచ్‌లు తీసేసి, బెల్ట్ మొత్తాన్ని చుట్టి పట్టుకునే క్లిప్ రకం తెచ్చాను. ఇవి ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతాయి, పైన కొద్దిగా వాలుగా తిప్పుకోవచ్చు. మ్యాగజైన్‌ని తూటాల మొనలు ముందుకి, అంటే బొడ్డు వైపుకి ఉండేలా పెట్టుకుంటే, పట్టుకునేటప్పుడు చూపుడు వేలు మొదటి తూటా మొన మీద ఆనుతుంది. ఆ వేలే తుపాకీ పిడిలోకి దారి చూపిస్తుంది. రీలోడ్, అంటే మ్యాగజైన్ మార్చడం, టైమర్ మీద 3.1 సెకన్ల నుంచి 2.4కి వచ్చింది. నాలో వేగం పెరగలేదు, చెయ్యి వెతకడం మానేసింది, అంతే.

మే 18

బెల్ట్ నిజంగా కదులుతోందా లేదా అన్నది నమ్మకం మీద వదలకూడదనిపించింది. లోపలి బెల్ట్ మీద ఒక సుద్ద గీత, సరిగ్గా దాని పైన పై బెల్ట్ అంచు మీద ఇంకొకటి, రెండూ కలిసేలా. ఆరు స్టేజ్‌లు ఆడి వచ్చి చూస్తే గీతల మధ్య పావు అంగుళం తేడా. పర్వాలేదు. కానీ రెండు బెల్టులూ కలిసి ప్యాంటు మీద దాదాపు అంగుళం తిరిగాయి. లోపలి బెల్ట్ వదులుగా ఉంది! పై బెల్ట్‌ని ఎంత బిగించినా, ఒంటిని పట్టుకోవలసింది లోపలిదే. మొలతాడు వదులైతే గోచీ నిలవదు.

ఇంకోటి కూడా కనబడింది. హోల్స్టర్ సరిగ్గా ప్యాంటు లూపు మీద కూర్చుంది. ఆ లూపు మందం వల్ల దాని కింద వెల్క్రో పూర్తిగా అతుక్కోవడం లేదు. హోల్స్టర్‌ని ముప్పావు అంగుళం ముందుకి జరిపాను. తర్వాతి వారం గీతలు కలిసే ఉన్నాయి.

జూన్ 8

హోల్స్టర్ స్క్రూ వదులైంది. రెండో స్టేజ్ తర్వాత హోల్స్టర్ ఊగుతోందని నా స్క్వాడ్‌లో (కలిసి స్టేజ్‌లు ఆడే గుంపులో) ఒకాయన చూసి చెప్పారు. గమనించకపోయి, తుపాకీ నేల మీద పడుంటే ఆ రోజుకి ఇంటికే. పడిన తుపాకీని మనం ముట్టుకోకూడదు కూడా, రేంజ్ ఆఫీసరే తీస్తారు.

స్క్రూలన్నీ విప్పి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక్కో స్క్రూ మరల మీద చిన్న చుక్క పెట్టి బిగించి, ఒక రోజంతా ఆరనిచ్చాను. చుక్క అంటే చుక్కే. అది కారి ప్లాస్టిక్‌కి అంటితే కొన్ని రకాలు పగుళ్లు వస్తాయి. ఆరాక మా ఆవిడ గోళ్ల రంగుతో స్క్రూ తల మీది నుంచి హోల్స్టర్ మీదికి సన్నటి ఎర్ర గీత గీశాను. గీత విరిగినట్టు కనిపిస్తే స్క్రూ తిరిగిందని అర్థం. ప్రతి మ్యాచ్‌కీ ముందు ఆ గీతలు చూడటానికి పది సెకన్లు చాలు.

ఈ నెలలోనే నన్ను నిజంగా భయపెట్టింది ఒకటి ఉంది. పిస్టల్ తిరిగి హోల్స్టర్‌లో పెడుతుంటే టీషర్ట్ అంచు లోపలికి మడతపడి ట్రిగ్గర్ గార్డ్ వైపు పోయింది. తుపాకీ ఖాళీగా ఉంది, ఇంట్లో ఉన్నాను, అయినా చెమట పట్టింది. అప్పటినుంచి షర్ట్ టక్ చేస్తాను, వేలు బయట ఉంచుతాను, తల వంచి చూస్తూ, నెమ్మదిగా పెడతాను. లాగేటప్పుడు వేగం పనికొస్తుంది. పెట్టేటప్పుడు వేగానికి ఎవరూ మార్కులు వెయ్యరు.

జూన్ 29

టూర్నికే, అంటే దెబ్బ తగిలిన చేతికో కాలికో బిగించి రక్తం ఆపే పట్టీ, తగిలించాను. రక్తస్రావం ఆపడం నేర్పే "స్టాప్ ద బ్లీడ్" అనే శిక్షణకి వెళ్లొచ్చాక అది లేకుండా రేంజ్‌కి వెళ్లబుద్ధి కాలేదు. దెబ్బకి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా, రక్తం ఆగేదాకా బిగించి, బిగించిన టైము రాయాలి. ఏ చెయ్యి దెబ్బతిన్నా రెండోది అందుకోవాలి కాబట్టి బొడ్డుకి కొంచెం ఎడమగా, బకిల్ పక్కన పెట్టాను. రెండు చేతులతో విడివిడిగా తీసి చూశాను, అందుతోంది. పెద్ద కిట్ బ్యాగ్‌లోనే, పై జేబులో, ఎక్కడుందో స్క్వాడ్‌లో అందరికీ చెప్పి ఉంచుతాను.

జులై 20

టెక్సస్ ఎండ. లోపలి బెల్ట్ చెమటకి తడిసి, ఆరి, తెల్లటి ఉప్పు చారలు కట్టింది. గోరువెచ్చని నీళ్లు, సబ్బు, నీడలో ఆరబెట్టడం. వాషింగ్ మెషీన్‌లో వెయ్యను, ముఖ్యంగా పిల్లల బట్టలతో కలిపి అస్సలు వెయ్యను. రేంజ్ నుంచి వచ్చే ప్రతి వస్తువు మీద సీసం దుమ్ము ఉంటుంది. బెల్ట్, బూట్లు గ్యారేజీ దాటి లోపలికి రావు, నేను చేతులూ ముఖమూ చన్నీళ్లతో సబ్బుపెట్టి కడుక్కున్నాకే పాపని ఎత్తుకుంటాను. వెల్క్రో కొక్కేల్లో చిక్కుకున్న దారప్పోగుల్ని పాత టూత్‌బ్రష్‌తో దువ్వితే మళ్లీ కొత్తదానిలా పట్టుకుంది.

ఇవాళ తూకం, తుపాకీ కాకుండా: 1.8 కిలోలు. హోల్స్టర్ కుడి తుంటి మీద, మూడు పౌచ్‌లు బొడ్డు నుంచి ఎడమకి అయిదున్నర అంగుళాల దగ్గర మొదలై, టూర్నికే ముందు. ఏడు గజాల దగ్గర బజర్ నుంచి మొదటి గుండుకి మార్చిలో 2.3 సెకన్లు పట్టేది, ఇప్పుడు 1.7, అదీ టార్గెట్ మధ్యలో ఎక్కువ పాయింట్లుండే ఆల్ఫా జోన్‌లో. ఆరు స్టేజ్‌ల తర్వాత గ్యారేజీలో బెల్ట్ విప్పకుండా ముందు గీతలు చూశాను. రెండూ కలిసే ఉన్నాయి.

వచ్చే మ్యాచ్‌కి వాన అంటున్నారు. తడిసిన వెల్క్రో ఇదే పట్టు ఇస్తుందో లేదో చూడాలి. సుద్ద తడిస్తే పోతుంది, ఈసారి వెండి రంగు పెయింట్ పెన్‌తో గీస్తున్నాను.