ఆఖరి లోకల్ పోయాక

"రాత్రి పదకొండింటికి సైకిల్ తొక్కనీకి పైసలిచ్చినవా? పగలు తొక్కుతే ఎవరన్న వద్దన్నరా?"

ఫోన్లో మా బావ మొదటి మాట ఇది. రెండో మాట, "ఎన్ని?" మనిషికి పదిహేను వందలని చెప్పాక కాసేపు లైన్లో చప్పుడు లేదు. తర్వాత, "సరే, వస్త తీయ్. ఇచ్చినవి ఎట్లాగూ వాపస్ రావు."

మాది నారాయణపేట దగ్గర పల్లె. బావ ఇరవై ఏళ్లుగా ముంబై శివార్లలోని డోంబివిలిలో ఉంటున్నాడు. నేను ఆఫీసు పని మీద రెండు రోజులకని ముంబై వెళ్లాను, డిసెంబరులో. బ్యాటరీ సైకిళ్ల మీద రాత్రిపూట పాత ముంబై తిప్పి చూపిస్తారని తెలిసి ఇద్దరికీ బుక్ చేశాను. ఆయన టెన్షన్ అంతా ఒక్కటే, ఆఖరి లోకల్ రైలు. వీటీ స్టేషన్లో పన్నెండున్నర దాటిందంటే మళ్లీ తెల్లవారుజామున నాలుగు దాటాకే బండి. టూర్ అయ్యేసరికి రెండున్నర. మధ్యలో ఎక్కడుంటాం? "చూద్దాం బావా" అన్నాను. ఈ మాటతో మా ఇంట్లో చాలా పనులు చెడిపోయాయి.

కొలాబాలో ఒక సందు చివర సైకిళ్లు నిలబెట్టి ఉన్నాయి. వచ్చిన వాళ్లం ఐదుగురం. మేమిద్దరం, పుణె నుంచి ఒక కొత్త జంట, బ్యాంకులో రిటైరైన ఒక మేడం. ఆవిడ చీర మీద హెల్మెట్ పెట్టుకుని, అందరికంటే ముందు ఎక్కి, సందులో రెండు రౌండ్లు కొట్టి వచ్చారు. గైడు పాతికేళ్లు కూడా నిండని మరాఠీ కుర్రాడు.

బండి చూడటానికి సైకిలే. లావుపాటి ఫ్రేములో పొడుగాటి బ్యాటరీ దూర్చారు, దానికో తాళం. హ్యాండిల్ మీద అగ్గిపెట్టెంత స్క్రీను. అందులో బ్యాటరీ గీతలు నాలుగు, పక్కన ఒకటి నుంచి ఐదు దాకా మార్చుకునే అంకె. అంకె పెంచిన కొద్దీ మన తొక్కుడుకు మోటారు తోడొస్తుంది. మొదటిసారి తొక్కినప్పుడు వెనక నుంచి ఎవరో నడుం మీద చెయ్యేసి నెట్టినట్టే ఉంటుంది, చిన్నప్పుడు సైకిల్ నేర్పేటప్పుడు నెట్టినట్టు. కుడి బొటనవేలి కింద ఒక మీట ఉంది. అది నొక్కితే అసలు తొక్కే పనే లేదు. "మీట తక్కువ వాడండి, బ్యాటరీ తినేస్తుంది" అని గైడు మూడుసార్లు చెప్పాడు. మా బావ మూడుసార్లూ తలూపాడు.

ముందు గేట్‌వే. ఆ వేళప్పుడు బారికేడ్ల బయటి నుంచే చూడాలి. ఐదో జార్జి చక్రవర్తి 1911లో ఇక్కడ దిగినప్పుడు ఈ కమాను లేదట, అట్టతో చేసిన నమూనా చూపించారట. అసలు కట్టడం పూర్తయి తెరుచుకున్నది 1924లో. 1948 ఫిబ్రవరి 28న బ్రిటిష్ వాళ్ల ఆఖరి పటాలం దీని కింద నుంచే నడిచి ఓడెక్కింది. "అంటే రాజుకోసం కట్టిన్రు, రాజు చూడలే. సిపాయిలు వాపస్ పోనీకి పనికొచ్చింది" అన్నాడు బావ. గైడుకు హిందీలో చెబితే నవ్వి, ఈ మాట రేపటి గ్రూపుకు వాడుకుంటానన్నాడు.

అక్కడి నుంచి రీగల్ సినిమా పక్కగా కాలా ఘోడా వైపు. ఈ సైకిల్ గొప్పతనం నాకు తెలిసింది ఇక్కడే. చప్పుడు చెయ్యదు. పగలు ఈ రోడ్డు మీద మన మాట మనకు వినబడదు. ఇప్పుడు ఎక్కడో షట్టర్ దించుతున్న గరగర, పైకప్పుల కింద పావురాల రెక్కలు, ఫోర్ట్ వరండాల్లో వరసగా పడుకున్న మనుషుల గురక కూడా వినబడుతున్నాయి. ఆ పడుకున్న వాళ్ల పక్క నుంచి పోతున్నప్పుడు గైడు లైటు కిందికి దించమని చెయ్యి చూపించాడు. మా తాత ముంబైలో మొదటి నాలుగు నెలలు ఇట్లాగే ఫుట్‌పాత్ మీదే పడుకున్నానని చెప్పేవాడు. ఏ ఫుట్‌పాత్ అని నేనెప్పుడూ అడగలేదు.

యూనివర్సిటీ దగ్గర రాజాబాయి టవర్ కింద ఆగాం. 280 అడుగులు. పత్తి వ్యాపారి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ డబ్బిచ్చి, తన తల్లి పేరు పెట్టించాడు. 1878లో పూర్తయింది. చూపు లేని ఆ తల్లి పొద్దు గుంకకముందే భోంచేసే జైన ఇల్లాలు, ఆవిడకు వేళ తెలియడానికే గంటల గడియారం పెట్టించాడని కథ. కథ బాగుంది కాబట్టి నిజమా అని ఎవరూ అడగలేదు. నన్ను పట్టుకున్నది ఇంకో మాట. నమూనా గీసిన జార్జ్ గిల్బర్ట్ స్కాట్ అసలు ముంబైలో కాలు పెట్టలేదు. లండన్లో కూర్చుని గీసి పంపాడు.

"మరి కట్టిందెవరు?" అన్నాను.

"ఇంజనీర్లు సర్..." అని, ఒక్క క్షణం ఆగి, "లేబరా? చాలామంది మీ వైపు నుంచి వచ్చినవాళ్లే సర్. కామాటీలు. కామాఠీపురా పేరు వాళ్ల వల్లే వచ్చింది."

మా బావా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

కామాటి అన్న మాట మాకు కొత్త కాదు. నేను చదివిన సర్కారు హాస్టల్లో వంటమనిషి, వాచ్‌మన్, కామాటి అని ముగ్గురుండేవాళ్లు. కామాటి అంటే నీళ్లు మోసేవాడు, ఊడ్చేవాడు, ఏ పని చెబితే ఆ పని చేసేవాడు. ఆ మాట మీద ముంబైలో ఒక పేటే ఉంది. అక్కడి పల్లపు నేలలకు 18వ శతాబ్దం చివర్లో మట్టి పోసి గట్టి చేశాక, నిజాం ఇలాకా నుంచి వచ్చిన తెలుగు కూలీలు దిగారు, ఊరు కట్టారు. తర్వాత ఆ పేట ఇంకో రకంగా, ఒళ్లమ్ముకునే గల్లీలుగా పేరు మోసింది. మా తాత కూడా మొదట ఫుట్‌పాత్ మీద, ఆ తర్వాత అక్కడే ఉన్నాడు. మా నాయన దగ్గర ఒక పాత మనియార్డర్ చీటీ ఉంది, దాని మీద "6వ గల్లీ, కామాటిపుర" అని ఉంటుంది. మా ఇంట్లో ఎవరైనా తాత ముంబైలో ఎక్కడుండేవాడని అడిగితే మాత్రం "భాయ్‌ఖలా దగ్గర" అనేవాళ్లు. ఎందుకని అట్లా అనేవాళ్లో పెద్దయ్యాక తెలిసింది.

ఫ్లోరా ఫౌంటెన్, హార్నిమన్ సర్కిల్ గబగబా అయిపోయాయి. నిజం చెప్పాలంటే అక్కడికొచ్చేసరికి నాకు కట్టడాల తేదీలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

వీటీ మాత్రం వేరు. ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ అని బోర్డు మీద ఉన్నా మా బావకు అది వీటీయే, నాకూ అదే అలవాటైంది. పదేళ్లు కట్టారు, 1888లో పూర్తయింది. ఫ్రెడరిక్ స్టీవెన్స్ నమూనా. ఎదురుగా ఉన్న మున్సిపల్ ఆఫీసు కూడా ఆయనదే. స్టేషన్ మీద గులాబీ రంగు, నీలం రంగు లైట్లేశారు. పెళ్లి మండపంలా ఉంది, నాకు నచ్చలేదు. గైడు టార్చి వేసి గేటు స్తంభాలు చూపించాడు. ఒకదాని మీద సింహం, అది బ్రిటన్. ఇంకోదాని మీద పులి, అది మనం. ఇంకా పైకి వేస్తే నెమళ్లు, కోతులు, ఆకుల మధ్యలో ఉడత. ఇక్కడి ఆర్ట్ స్కూల్ విద్యార్థుల చేతిపని అది.

బావ తల వెనక్కి వాల్చి చూస్తూనే ఉన్నాడు. "ఇరవై ఏండ్ల సంది దీని కిందికెళ్లి ఉరుకుతున్న. ఉడుత ఉందని తెల్వదురా."

అప్పుడే లోపలి నుంచి అనౌన్స్‌మెంట్ వినబడింది. కర్జత్ పోయే ఆఖరి లోకల్. బావ సైకిల్ మీద నుంచి సగం దిగాడు, వాచీ చూసుకున్నాడు, మళ్లీ ఎక్కాడు. పులి వైపు చూస్తూ, "పోనీ తీయ్" అన్నాడు.

మెరైన్ డ్రైవ్‌కి చౌపాటీ వైపు నుంచి దిగాం. ఇక్కణ్నుంచి నారిమన్ పాయింట్ దాకా 3.6 కిలోమీటర్ల వంపు. ఎడం చేతి వైపు గుండ్రటి బాల్కనీల పాత ఆర్ట్ డెకో ఇళ్లు, కుడి చేతి వైపు సముద్రం. 2015లో ఇక్కడి పసుపు దీపాలు తీసి తెల్ల ఎల్ఈడీలు పెడితే ఊరంతా గొడవ చేసి, మళ్లీ పసుపు వెలుగు తెప్పించుకున్నారట. దీపం రంగు కోసం కొట్లాడే ఊరంటే నాకు గౌరవం కలిగింది.

నాకాబందీ దగ్గర పోలీసాయన ఆపాడు. బ్యాటరీ బండి, నంబరు ప్లేటేది, లైసెన్సేది? గైడుకిది అలవాటే. మోటారు 250 వాట్ల లోపు ఉండి, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకపోతే చట్టం లెక్కలో అది మోటారు బండి కాదు, అవేవీ అక్కర్లేదు. పోలీసాయన అంతా విని, "ఒక రౌండ్ కొట్టొచ్చా?" అన్నాడు. కొట్టాడు. చిన్నపిల్లాడిలా మీట నొక్కుకుంటూ వెళ్లొచ్చాడు.

బావ వెనకబడ్డాడని అప్పుడు చూశాను. రెండొందల గజాల అవతల నెట్టుకుంటూ వస్తున్నాడు. స్క్రీను నల్లగా ఉంది.

"నేను మీట ఎక్కువ నొక్కలే."

"మరి?"

"ఊకె నొక్కలే అంటున్న. అప్పుడప్పుడు..."

బ్యాటరీ చచ్చిన ఈ సైకిల్ పాతిక కిలోల ఇనుము. మామూలు సైకిల్లా తొక్కొచ్చు గానీ, ఆ బరువుకు ప్రాణం పోతుంది. వాళ్లు ఒక్క బ్యాటరీ కూడా అదనంగా తేలేదు. అంత డబ్బు తీసుకున్నవాళ్లు ఆ మాత్రం చూసుకోవాలి కదా అనిపించింది. కానీ గైడు ఏమీ అనకుండా తన బండి బావకిచ్చి, ఆ చచ్చినదాన్ని తను తొక్కుకుంటూ వచ్చాడు. ఇక ఆ కుర్రాడి మీద కోపం తెచ్చుకోవడం కుదరలేదు. బ్యాంకు మేడం స్క్రీన్ మీద ఇంకా మూడు గీతలున్నాయి. అందరికీ చూపించారు.

నారిమన్ పాయింట్ గోడ మీద కూర్చున్నాం. చాయ్‌వాలా కూడా సైకిల్ మీదే వచ్చాడు, బ్యాటరీ లేని సైకిల్. హ్యాండిల్‌కి రెండు వైపులా సంచులు, వెనక పెద్ద ఫ్లాస్కు. వెలిగే ఫోను ఛాతీ జేబులో పెట్టుకుని, ఆ వెలుతురులో చిన్న కాగితం కప్పుల్లోకి పోస్తున్నాడు. పోసేటప్పుడు కప్పు వైపు చూడటం లేదు, రోడ్డు వైపు చూస్తున్నాడు, పోలీసు జీపు వస్తుందేమోనని. ఒక్క చుక్క కింద పడలేదు. అల్లం ఘాటు ముక్కులోకి వచ్చింది.

మేం కూర్చున్న చోటు ఒకప్పుడు సముద్రం. మట్టి, రాళ్లు పోసి నేల చేశారు. 1920లలో ఈ పూడిక పనుల్లో జరిగిన అక్రమాలను బయటపెట్టిన లాయరు కె.ఎఫ్. నారిమన్. ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఆయన మీద పరువునష్టం కేసు వేసి ఓడిపోయాడు. తర్వాత ఈయన బొంబాయి మేయరయ్యాడు. ఏ పూడిక మీద కొట్లాడాడో ఆ పూడిక నేలకే చివరికి ఆయన పేరు పెట్టారు.

గైడు వేలు చూపించాడు. "అది ఎయిరిండియా బిల్డింగ్. 23 అంతస్తులు, 1974."

మా తాత ఊరికి తిరిగొచ్చేసింది ఆ మరుసటి ఏడాదే. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఒక్కటే చెప్పేవాడు. "సముద్రంల మన్ను పోసి దాని మీద బిల్డింగు లేపినం. పైకెక్కుతే గాలికి కాళ్లు వణుకుతుండె." ఏ బిల్డింగో పేరు చెప్పలేదు, ఆయనకు తెలిసి ఉండదు కూడా. ఇదే కావచ్చు, పక్కది కావచ్చు. నేను అన్నింటినీ ఫొటోలు తీశాను. బావ ఫొటోలు తియ్యలేదు. అంతస్తులు లెక్కపెడుతున్నాడు, పదిహేను దగ్గర తప్పిపోయి మళ్లీ మొదట్నుంచి.

కొలాబాలో సైకిళ్లు అప్పగించాక గైడును అడిగాను, కామాఠీపురా కూడా టూర్లో పెట్టొచ్చు కదా అని. తల అడ్డంగా ఊపాడు. "కొందరు అడుగుతారు సర్. హెల్మెట్లు పెట్టుకుని, లైట్లేసుకుని ఐదారుగురం ఆ గల్లీల్లోకి పోతే అక్కడున్నవాళ్లకు ఎట్లుంటది? మీ ఇంటి ముందు అట్లా వస్తే ఊరుకుంటారా?" నేను అడిగింది అందుకు కాదని చెప్పబోయి ఊరుకున్నాను.

రెండున్నర. మొదటి లోకల్‌కి ఇంకా చాలా టైముంది. ఒక ఇరానీ హోటలు ముందు అరుగు మీద గంటసేపు కూర్చున్నాం. బావే అన్నాడు, "భాయ్‌ఖలాల ఎక్కుదాం పా. దారిల్నే కదా."

టాక్సీ దిగి నడిచాం. కొన్ని గల్లీల్లో ఇంకా దీపాలున్నాయి, అటు పోలేదు. మిగతా చోట్ల వరస గదుల పాత రెండంతస్తుల చాళ్లు, కింద మూసిన కార్ఖానాలు, బయట కట్టలు కట్టి పెట్టిన తోలు ముక్కలు. 6వ గల్లీ మొదట్లోనే నల్లా దగ్గర బకెట్లు వరసపెట్టి ఉన్నాయి. ఒక ముసలమ్మ ప్లాస్టిక్ డబ్బాలోకి పైపు పెట్టి నిలబడింది. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని తలెత్తింది.

"ఏ ఊరు బిడ్డా?"

"నారాయణపేట దిక్కు, అవ్వా."

"మాది మక్తల్. నా చిన్నప్పుడొచ్చినం." డబ్బా నిండింది. పైపు తీసి బకెట్లో వేసింది. "గింత రాత్రి ఎటు పోతున్నరు?"

బావ చెప్పాడు, సైకిళ్ల మీద ముంబై చూశామని. గేట్‌వే, వీటీ, సముద్రం.

"కిరాయి సైకిళ్లా?"

"అవునవ్వా. ఒకాయన దగ్గరుండి చూపిచ్చిండు."

"ఎంత తీసుకున్నడు?"

బావ నా వైపు చూశాడు. నేను చెప్పాను. ఆమె మా ఇద్దర్నీ పైనుంచి కింది దాకా చూసి, "నన్నడుగుతే ఊకెనే చూపిద్దును కదరా" అని, బావ కాలి దగ్గరున్న ఖాళీ బకెట్ ఇటు అందుకోమంది.