1969 కమారో వెనుక రేకులు

చలికాలంలో మిషిగన్ రోడ్ల మీద చల్లే ఉప్పు పాత కార్లను అడుగు నుంచి తినుకుంటూ వస్తుంది. డెట్రాయిట్ శివార్లలో నేను పనిచేసే షెడ్డుకు వచ్చే 1969 షెవర్లే కమారోలలో చాలావాటికి వెనుక చక్రం దాటిన తర్వాత, కింది భాగంలోనే రేకు పోయి ఉంటుంది. ముందు మడ్‌గార్డులైతే బోల్టులు విప్పి మార్చవచ్చు. వెనుక క్వార్టర్ ప్యానెల్ మాత్రం తలుపు అంచు దగ్గర మొదలై, పైన టాప్‌తోనూ వెనుక డిక్కీ అంచుతోనూ కలిసి బాడీకి వెల్డింగ్ చేసిన రేకు.

అక్కడ అయస్కాంతం పెడితే తరచుగా జారిపోతుంది. గ్రైండర్ ఆనించగానే బొటనవేలి మందాన పుట్టీ పెచ్చులుగా ఊడి, కింద జల్లెడైపోయిన రేకు బయటపడుతుంది. చక్రం చిమ్మే ఉప్పు బురద బయటి నుంచి తింటుంటే, వెనుక అద్దం మూలల్లో కారిన నీళ్లు డిక్కీలోకి దిగి, పక్కనున్న సందులో నిలిచి లోపలి నుంచి తింటాయి. కాబట్టి ఆ కారడం ఆపకుండా వేసిన కొత్త రేకు కూడా కొన్నేళ్లకు అదే దారి పడుతుంది.

నేను టింకరింగ్ నేర్చుకున్న విజయవాడ ఆటోనగర్‌లో రేకు ఖరీదు, మనిషి గంట చౌక. అందుకే పాతదాన్ని కొట్టి, అతికి నిలబెట్టేవాళ్లం. ఇక్కడ గంట ఖరీదు కావడంతో, అచ్చు పోసిన కొత్త ప్యానెల్ తెచ్చి మొత్తం మార్చేయడానికే షెడ్లు మొగ్గు చూపుతాయి. కుళ్లు చక్రం వంపు కిందికే పరిమితమైతే అంతవరకే కొయ్యాలని నా గట్టి అభిప్రాయం. చక్రం మీద నుంచి వెనక్కి సాగే గీత, దాని ముందున్న నిలువు గాళ్లు ఫ్యాక్టరీ అచ్చులో ఉన్నంత పదునుగా కొత్త రేకులో ఎప్పుడూ రావు. పైగా టాప్ దగ్గర ఫ్యాక్టరీవాళ్లు సీసంతో నింపిన అతుకును కదిలించే అవసరం తప్పుతుంది. అది తప్పనిసరిగా విప్పవలసి వస్తే తక్కువ మంటతో కరిగించి తీయాలే గాని గ్రైండర్ పెట్టకూడదు, సీసపు ధూళి విషం.

కొయ్యడానికి ముందే బండి బరువు చక్రాల మీద ఉంచి, తలుపులూ డిక్కీ మూతా వేసి, సందులన్నీ సమంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండే రేకు కాబట్టి 0.6 మిల్లీమీటర్ల వెల్డింగ్ తీగతో, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్‌తో ఒక చుక్క పెట్టి, జానెడు దూరం జరిగి మరొకటి పెడతాను. మొదటి చుక్క మీద చేయి ఆనించగలిగేంత చల్లారాకే పక్కన ఇంకొకటి. ఆగస్టులో డెట్రాయిట్ దగ్గర పాత కార్లన్నీ రోడ్డెక్కే వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ ఉత్సవం దగ్గరపడేకొద్దీ యజమానులు తొందరపెడతారు. వారి ఆత్రుత నాకు అర్థమవుతుంది, కానీ గుక్క తిప్పుకోకుండా వెల్డింగ్ లాగితే రేకు అలలు తిరుగుతుంది, తర్వాత వెనక ఆనుగా డాలీ అనే ఇనుప దిమ్మ పెట్టి సుత్తితో ఎంత కొట్టినా పూర్తిగా సర్దుకోదు.

అతుకు నునుపు చేశాక రంగు కింద పూతగా ఎపాక్సీ ప్రైమర్, నీళ్లు దూరకుండా అతుకుల వెంట సీలర్, రంగులన్నీ అయ్యాక లోపలి సందుల్లోకి మైనం కొడతాను. నీళ్లు దిగిపోయే అడుగు రంధ్రాలు సీలర్‌తో గాని మైనంతో గాని మూసుకుపోకుండా చివరగా తీగ దూర్చి చూస్తాను.