కుడిచేతి తాళం

మొదటి కీమోకి వెళ్ళేటప్పుడు మా అమ్మాయి ఫోన్‌లో 40 పాటలు ఎక్కించి ఇచ్చింది. అన్నీ నాకు ప్రాణం. వంట చేస్తూ కూనిరాగం తీసుకునేవి. "వింటూ పడుకో అమ్మా, టెన్షన్ ఉండదు" అంది. పాపం, మంచికే చెప్పింది. ఆ 40 పాటలూ నాకు అక్కడే పోయాయి.

రెండో కీమోకి ఇంకా ఆస్పత్రి గుమ్మం కూడా ఎక్కలేదు. కారులో మా ఆయన అందులో ఒక పాట పెట్టగానే నాకు వాంతి. డాక్టరుగారిని అడిగితే, "ఇది మామూలేనమ్మా, కొందరికి ఆస్పత్రి వాసనకే ముందుగా వాంతి వస్తుంది, మీకు పాట పట్టుకుంది" అన్నారు. ఎర్ర మందు ఎక్కుతుండగా విన్నాను కదా, ఒళ్ళు ఆ రెంటినీ ముడేసేసుకుంది.

మాది తెనాలి. 2022లో కుడి రొమ్ములో గడ్డ, ఆపరేషన్, 21 రోజులకోసారి నాలుగు ఎర్ర కీమోలు, తర్వాత వారం వారం 12, ఆపైన 15 రోజులు రేడియేషన్. జుట్టు ఊడింది, వచ్చింది. వాటి గురించి ఇంతకంటే రాయను.

రాయాల్సింది ఆ రాత్రి గురించి. రెండో కీమో అయిన పదో రోజు. పదకొండున్నరకి చలి మొదలైంది, థర్మామీటర్‌లో 101. 100.4 దాటితే అర్ధరాత్రయినా రావాలని ఆస్పత్రి వాళ్ళిచ్చిన పుస్తకంలో గడి కట్టి మరీ ఉంది. ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టరు, నిద్రమత్తులో ఉన్నాడో ఏమో, "పారాసిటమాల్ వేసి పొద్దున ఓపీకి తీసుకురండి" అని పెట్టేశాడు. పుస్తకం ఇచ్చింది వాళ్ళే, చదవనిదీ వాళ్ళే. ఎవరేం చెప్పినా తలూపే మా ఆయన ఆ ఒక్క రాత్రి వినలేదు. దుప్పటి చుట్టి కారెక్కించారు.

దుగ్గిరాల దాటాక పళ్ళు టకటకలాడాయి. పోతున్నాననే అనుకున్నాను. బీరువా తాళాలు ఎక్కడున్నాయో అమ్మాయికి చెప్పలేదని గుర్తొచ్చింది. ఆయన పాట పెట్టబోతే వద్దని అరిచాను. వైకుంఠపురం స్వామిని తలుచుకుందామంటే గోవింద నామం కూడా మధ్యలో జారిపోతోంది. అప్పుడు కుడిచెయ్యి దానంతటదే తొడమీద పడింది. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. దెబ్బ, తిప్పు. దెబ్బ, తిప్పు. ఆది తాళం. ఏడేళ్ళప్పుడు మా పంతులమ్మగారు మాయామాళవగౌళ రాగంలో చెప్పిన సరళీ స్వరాలు, సంగీతంలో మొట్టమొదటి పాఠాలు. గొంతు లేవలేదు, లోపలే పాడుకున్నాను. వాటికి సాహిత్యం లేదు, ఏడిపించే జ్ఞాపకం లేదు. చిన్నప్పుడు ఎంత విసుగో నాకవి! ఎనిమిది లెక్కపెడితే మళ్ళీ మొదటికి వస్తాం, అంతే. మంగళగిరి దాకా మొదటి కాలం, నిదానంగా. కృష్ణ మీద వారధి ఎక్కాక అతుకుల దగ్గర టైర్లు దడ్ దడ్‌మంటుంటే రెట్టింపు వేగంతో రెండో కాలం పట్టుకున్నాను.

ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు, న్యూట్రోఫిల్స్, 300కి పడిపోయాయట. క్యాజువాల్టీలో మలయాళీ సిస్టర్ ఒకమ్మాయి వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించింది. నా చెయ్యి కొట్టుకోవడం చూసి ఫిట్స్ అనుకుని పరిగెత్తుకొచ్చింది. తాళం అని చెప్తే నవ్వి, చేతికి అడ్డంగా ఉన్న దుప్పటి తొలగించింది. కుడిచంకలో గ్రంథులు తీసేశారు కాబట్టి ఆ చేతికి సూది, బీపీ పట్టీ పెట్టరు. అలా ఆ చెయ్యి నాకు మిగిలింది. ఆ పిల్ల ఎక్కడున్నా చల్లగా ఉండాలి. పొద్దున ఓపీకి రమ్మన్నాయనే రౌండ్స్‌కి వచ్చి "టైమ్‌కి తెచ్చారు, గుడ్" అన్నాడు. నేనేమీ అనలేదు. అనాల్సింది.

ఇంటికొచ్చాక మా ఆడపడుచు చూడ్డానికి వచ్చింది. మంచం మీద సరళీలు గొణుక్కుంటున్నాను. "పాడుకునే ఓపిక ఉందంటే జబ్బు పెద్దదేం కాదులే వదినా" అంది. నా వీణ అటకెక్కింది మా అత్తారింట్లోనే, పెళ్ళయిన కొత్తలో. ఆ మాట ఇంకా అరగలేదు. తర్వాత రెండు నెలలు ఆవిడే క్యారేజీలు పంపింది, అదీ చెప్పాలి. గోంగూర పప్పు మాత్రం ఆవిడ చేతిదే తినాలి.

ఫలానా రాగం వింటే క్యాన్సర్ కరిగిపోతుందని వాట్సాప్‌లో పంపేవాళ్ళకి ఒక దండం. 2021లో కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సంస్థ సమీక్ష 81 అధ్యయనాలు కలిపి చూసి, సంగీతం వల్ల క్యాన్సర్ రోగుల ఆందోళన తగ్గవచ్చని చెప్పిందని మా అమ్మాయి చదివి వినిపించింది. గడ్డ తగ్గుతుందని అందులో లేదు. నా మాట వింటే మీకు ప్రాణమైన పాటల్ని కీమో కుర్చీ దగ్గరికి తీసుకెళ్ళకండి. తంబూర శ్రుతో, పోయినా బాధపడని పాటలో తీసుకెళ్ళండి. థర్మామీటర్ దిండు కింద పెట్టుకోండి.

వారం కీమోలు సగమయ్యేసరికి వేళ్ళు మొద్దుబారాయి. చిటికెన వేలు తొడకి తాకిందో లేదో కళ్ళతో చూసి లెక్కపెట్టుకునేదాన్ని. ఇప్పుడు చాలావరకు స్పర్శ వచ్చింది. వీణ కిందికి దించాం. తీగలు తుప్పు, మెట్లు మైనంలోంచి ఊడొచ్చాయి. బాగుచేయడానికి ఇచ్చాం.

మొన్న పక్కింట్లో ఆ 40లో ఒకటి వినిపించింది. పల్లవి అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాను. చరణం అందుకోగానే లేచి కిటికీ వేశాను.