గిన్నె దాకా వచ్చి వెనక్కి తిరిగేది

మా పిల్లి మసికి 16 ఏళ్లు. పేరుకు తగ్గట్టే ఒళ్లంతా మసి రంగు, మూతి చుట్టూ మాత్రం ఈమధ్య నెరిసింది. తిండి పౌచ్ చింపిన చప్పుడు వినపడితే చాలు, ఏ గదిలో ఉన్నా వచ్చేస్తుంది. సరిగ్గా తినడం మానేసిన ఆ రోజుల్లోనూ అలాగే వచ్చేది. గిన్నెలోకి ముక్కు దించేది. ఒకసారి వాసన చూసేది. నాలుకతో పెదాలు రెండు మూడుసార్లు తడుపుకుని, గుటక వేసి, తల తిప్పుకుని వెళ్లిపోయేది. ఒక్కోసారి వెళ్లేముందు గిన్నె పక్కన నేలను ముందుకాలితో గీకేది, మలమూత్రాలకి పెట్టే లిట్టర్ డబ్బాలో కప్పెట్టినట్టు.

"నువ్వు పెట్టిన తిండికి ఎంత మర్యాద చేస్తోందో చూడు" అని మా ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. దాదాపు నెల రోజులు నవ్వుతూనే ఉన్నాం. ఆ నెల గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అప్పుడు నాకు తట్టింది ఒకటే, దీనికి ఈ తిండి మొహం మొత్తిందని. కంపెనీ మార్చాను. చికెన్ మానేసి చేప తెచ్చాను. గ్రేవీ మానేసి మెత్తటి ముద్దలా ఉండేది పెట్టాను. ఏది తెచ్చినా ఒకటే తంతు. మొదటి రోజు నాలుగు ముద్దలు తినేది, రెండో రోజు నాకి వదిలేసేది, మూడో రోజు దగ్గరికొచ్చి వెళ్లిపోయేది. అలమర నిండా సగం సగం ప్యాకెట్లు. వాటిని చూస్తే కోపం కూడా వచ్చేది, అబద్ధమెందుకు. "ముసలిదైపోయింది, ఇక అంతే తింటుంది" అని ఇంటికొచ్చినవాళ్లు అంటే, సరేలే, నిజమే కాబోలు అనుకున్నాను.

ఒక రాత్రి మంచం మీద నుంచి పక్కకి జరుపుదామని ఎత్తితే చేతికి బరువే తెలియలేదు. వీపు నిమిరితే వెన్నుపూసలు ఒక్కొక్కటీ వేలికి తగిలాయి. బొచ్చు ఒత్తుగా ఉండటంతో కంటికి ఆ తేడా కనిపించలేదు, అంతే. మర్నాడు తూచాను. 3.2 కిలోలు. అంతకు ముందు ఏడాది టీకా వేయించినప్పుడు పుస్తకంలో రాసింది 4.1. తొమ్మిది వందల గ్రాములే కదా అనిపించింది ఒక్క క్షణం. లెక్క వేస్తే ఒంట్లో అయిదో వంతుకు పైనే పోయింది. అరవై కిలోల మనిషి పదమూడు కిలోలు తగ్గితే ఇంట్లో ఎవరైనా నవ్వుతూ కూర్చుంటారా?

డాక్టర్ గారు మొదట అడిగిన ప్రశ్న నేను ఊహించింది కాదు. ఏం పెడుతున్నారు అని అడుగుతారనుకున్నాను. "తిండి దగ్గరికి వస్తోందా, అసలు రావడమే లేదా?" అన్నారు. ఫోన్లో వీడియో ఉంది, నవ్వుకోవడానికి తీసిందే, చూపించాను. ఆ పెదాలు తడుపుకునే దగ్గర ఆపి, మళ్లీ చూశారు. "ఇది పేచీ కాదండీ, వికారం. ఆకలేసి వస్తోంది, వాసన తగలగానే కడుపులో తిప్పుతోంది, వెళ్లిపోతోంది" అన్నారు. వాంతి చేసుకోలేదు కదండీ అన్నాను. పిల్లికి వికారం ఉంటే వాంతి అవ్వాలనేం లేదట. పెదాలు నాకడం, గుటకలు వేయడం, చొంగ కారడం, తిండిని చూసి మొహం తిప్పుకోవడం, ఇవే దాని భాష. నేలను గీకడం మామూలు పిల్లులు కూడా చేస్తాయి కాబట్టి దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని ఏమీ చెప్పలేమన్నారు.

రక్తం, మూత్రం పరీక్షలు చేశారు, బీపీ చూశారు. థైరాయిడ్ బాగానే ఉంది. ముసలి పిల్లుల్లో అది ఎక్కువైతే ఆవురావురుమని తింటూ కూడా చిక్కిపోతాయట, మసి సంగతి అది కాదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 3.1 వచ్చింది. కిడ్నీ జబ్బును నాలుగు దశలుగా చూస్తారు, ఇది మూడోది. పొటాషియం తక్కువ. కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సినవి రక్తంలోనే నిలిచిపోతే వికారం పుడుతుంది. దానికితోడు నోరు తెరిచి చూస్తే, కింది దవడలో ఎడమవైపు పన్ను ఒకటి మొదలు దగ్గర అరిగి గుంటపడి, చిగురు ఎర్రగా ఉంది. పొడి తిండి గింజలు నోట్లోంచి జారి పడటం, తల ఒక పక్కకి వంచి నమలడం నేను చూస్తూనే ఉన్నాను. చూశాను, అంతే, ఏమిటని ఆలోచించలేదు.

ఇక్కడ ఒక సంగతి మాత్రం ముసలి పిల్లి ఉన్న ప్రతివాళ్లకీ తెలియాలి. పిల్లి ఉపవాసం తట్టుకునే జంతువు కాదు. తిండి ఆగిపోతే ఒంట్లో కొవ్వు కరిగి లివర్‌కి చేరుతుంది. దాన్ని ఖర్చు చేసే శక్తి పిల్లి లివర్‌కి తక్కువ. కొవ్వు అక్కడే పేరుకుని, లివరే దెబ్బతింటుంది, ఒళ్లు పచ్చబడుతుంది. లావుగా ఉండే పిల్లికి ఇది ఇంకా ప్రమాదం. "ఆకలేస్తే అదే తింటుంది, రెండు మూడు రోజులు చూద్దాం" అనే మాట కుక్కకి ఎంతవరకు చెల్లుతుందో నాకు తెలీదు, పిల్లికి మాత్రం చెల్లదు. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే ఫోన్ చేయండి, మర్నాటి దాకా ఆగొద్దు అన్నారు డాక్టర్ గారు.

వైద్యం ఏ వరుసలో జరగాలో కూడా వారే చెప్పారు. ముందు వికారం తగ్గాలి, నోటి నొప్పి తగ్గాలి, ఒంట్లో నీరు తగ్గిపోకుండా చూడాలి. ఆకలి పెంచే మందు ఆ తర్వాతే. కడుపులో తిప్పుతున్నప్పుడు ఆకలి మాత్రమే పెంచితే దాన్ని రెండువైపులా లాగినట్టు అవుతుంది. వికారానికి మారోపిటెంట్ ఇచ్చారు. చర్మం కింద సెలైన్ ఎక్కించడం నేర్పించారు. మొదటిసారి నా చేతులు వణికాయి, మసి మాత్రం నా ఒళ్లో కూర్చుని కిటికీ వైపు చూస్తూ ఉంది. నాలుగు రోజులు పోయాక మిర్టాజపీన్ మొదలుపెట్టారు. అది మనుషులకి డిప్రెషన్‌కి ఇచ్చే మందే, పిల్లుల్లో ఆకలి పుట్టిస్తుంది. చెవి లోపలి వైపు రాసే ఆయింట్‌మెంట్ రూపంలో కూడా దొరుకుతుంది. మన చర్మం కూడా పీల్చుకుంటుంది కాబట్టి గ్లోవ్స్ వేసుకునే రాయాలి. కిడ్నీ జబ్బు ఉంది కనుక మాకు రోజు విడిచి రోజు రాయమన్నారు. రాసిన మొదటి రాత్రి ఇల్లంతా తిరుగుతూ ఒకటే అరుపు. మా ఆయన లేచి కూర్చుని, "ఆకలి మందు ఇచ్చారా, మైకు ఇచ్చారా?" అన్నారు. ఫోన్ చేస్తే మోతాదు తగ్గించారు.

మందులు పని చేస్తున్నా నేను చేసిన తప్పులు రెండు ఉన్నాయి, వాటి వల్ల పది రోజులు పోయాయి.

మొదటిది, మాత్ర పొడి చేసి తిండిలో కలపడం. మనిషి బుద్ధి కదా, తెలివైన పని అనుకున్నాను. పిల్లి ఆ చేదుని పసిగట్టి, ఆ మాత్రని కాదు, ఆ తిండినే వదిలేసింది. అప్పటిదాకా కాస్త ఇష్టంగా తింటున్నది ఆ ఒక్కటే. వికారంగా ఉన్నప్పుడు ఏది తింటే దాని మీద విరక్తి పుట్టడం కూడా ఇలాంటిదే. మనకి జ్వరంలో తిని కక్కిన పదార్థం తర్వాత ఏళ్ల తరబడి సహించదు చూడండి, అదే. నేను నెల రోజుల్లో అన్ని రకాలు మార్చి, అన్నిటి మీదా దానికి ఆ విరక్తి పుట్టించానన్నమాట. కిడ్నీకి ప్రత్యేకంగా ఉండే తిండి కూడా డాక్టర్ గారు వెంటనే పెట్టనివ్వలేదు, ఇందుకే. "ఇప్పుడు పెడితే దాన్ని జన్మలో ముట్టదు. ముందు తిననివ్వండి, ఏం తినాలన్నది తర్వాత చూద్దాం" అన్నారు.

రెండోది, సిరంజీ. ఒక రోజు టెన్షన్ పట్టలేక, తువ్వాలులో చుట్టి, మెత్తటి తిండి నోట్లోకి పోశాను. సగం బయటికి ఊసింది, సగం మింగింది, దగ్గింది. గొంతులో కాక ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుందని నాకు అప్పుడు తెలియదు. సిరంజీ అసలు వాడకూడదని కాదు, డాక్టర్ దగ్గర చూసి నేర్చుకుని, వికారం తగ్గాక, చెంప పక్కనుంచి చుక్క చుక్కగా ఇవ్వొచ్చు. మరీ తినకపోతే మెడ దగ్గర ట్యూబు వేసి పెట్టడం ఉంది, వినడానికి భయంగా ఉంటుంది గానీ బలవంతం కన్నా పిల్లికి అదే సుఖమట. నేను చేసిందానివల్ల జరిగింది మాత్రం, మసి నన్ను చూసి మంచం కిందికి దూరడం. రెండు రోజులు నా అడుగుల చప్పుడు వింటేనే దాక్కుంది. ఆ రెండు రోజులు తిండి మా ఆయనే పెట్టారు.

అప్పుడే ఇంకోటి కూడా అర్థమైంది. నేను గిన్నె పెట్టి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, తింటుందా తినదా అని దాని మొహంలోకే చూసేదాన్ని. ఆయన పెట్టేసి వెళ్లి పేపర్ చదువుకునేవారు. ఆయన పెడితే తినేది! మనసు నొచ్చుకుంది, కానీ పాఠం నేర్చుకున్నాను. పెట్టి, పక్కకి వెళ్లిపోవడం. ఇరవై నిమిషాలయ్యాక ముట్టకపోతే తీసేయడం. పొద్దుటి తిండి సాయంత్రం దాకా గిన్నెలో ఎండుతూ ఉంటే ఆ వాసనకే విసుగు పుడుతుంది.

వాసన గురించి చెప్పాలి, ఎందుకంటే అసలు కీలకం అక్కడే ఉంది. పిల్లికి తీపి తెలియదు, నాలుక మీద రుచి మొగ్గలు మనతో పోలిస్తే చాలా తక్కువ. ముక్కు ఒప్పుకుంటేనే నోరు తెరుస్తుంది. వయసు మీద పడితే ఆ ముక్కు కూడా మొద్దుబారుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన తిండికి పెద్దగా వాసన ఉండదు. గిన్నెను వేడి నీళ్లలో ఉంచి, మణికట్టు లోపలివైపు వేస్తే గోరువెచ్చగా తగిలేంత, అంటే 37, 38 డిగ్రీల దాకా వెచ్చబెట్టేదాన్ని. అప్పుడే వేటాడిన ఎలుక ఒంటి వేడి దాదాపు అంతే కదా. మైక్రోవేవ్‌లో పెడితే ఒక చోట చల్లగా, ఒక చోట నాలుక కాలేలా ఉంటుంది, బాగా కలిపి వేలితో చూడాల్సిందే. వికారం బాగా ఉన్న రోజున మాత్రం ఇదే ఎదురు తిరిగేది, ఘాటు వాసనకి పారిపోయేది. ఆ రోజు చల్లగా పెడితేనే నాకింది. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా చికెన్ ఉడికించిన నీళ్లు రెండు చెంచాలు పైన పోస్తే చాలాసార్లు పని చేసింది. ఉల్లి, వెల్లుల్లి పొడి రూపంలో ఉన్నా పిల్లి ఎర్ర రక్తకణాలను పాడు చేస్తాయి, కాబట్టి మన కూరల్లోంచి తీసిన ముక్క పనికిరాదు. ఉత్త చికెన్ ముక్కలే రోజుల తరబడి పెట్టినా కుదరదు, పిల్లికి తప్పనిసరైన టారిన్ లాంటి పోషకాలు అందులో సరిపోవు, టారిన్ లేకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి. ఎవరో నొప్పికి పారాసెటమాల్ పావు ముక్క వేయమన్నారు. దయచేసి వేయకండి. పిల్లికి అది విషం, చిన్న ముక్కయినా ప్రాణం తీయొచ్చు.

లోతు గిన్నె తీసేసి టీ సాసర్ పెట్టాను. మెడ వంచక్కర్లేకుండా సాసర్‌ని ఒక డబ్బా మీద ఎత్తులో ఉంచాను. ముసలి పిల్లికి తరచు మోచేతులు, వెన్ను నొప్పులుంటాయి, వంగి నిలబడటమే కష్టం. లిట్టర్ డబ్బాకి దూరంగా జరిపాను. పక్కింటి పిల్లి కిటికీలోంచి తొంగిచూసే చోటు నుంచి కూడా.

ఇంకో విషయం, అది ఎక్కువగా తినేది రాత్రి రెండింటికి. పగలు ఎంత పెట్టినా ముట్టనిది, ఇల్లు సద్దుమణిగాక నాలుగైదు సార్లు వచ్చేది. అందుకని పగటి రెండు పూటల పద్ధతి వదిలేసి, చెంచాడు చెంచాడు చొప్పున ఆరు సార్లు పెట్టడం మొదలుపెట్టాను. రాత్రి రెండింటికి అలారం. నిద్ర గురించి అడగకండి.

ఒక నోట్‌బుక్కు పెట్టి, వంటింటి త్రాసు మీద సాసర్ తూచి పెట్టి, మళ్లీ తూచి తీసి, తేడా రాశాను. 3.2 కిలోల పిల్లి ఊరికే పడుకుని ఉన్నా రోజుకి సుమారు 165 కేలరీలు కావాలని డాక్టర్ గారు లెక్క వేసి చెప్పారు. మొదటి వారంలో ఒక రోజు కూడా వందకి చేరలేదు. "తిన్నట్టే ఉంది" అనే మాటని నమ్మకూడదని ఆ పుస్తకం నేర్పింది. నాకడం, కెలకడం, మూతి పెట్టి తీయడం, ఇవన్నీ దూరం నుంచి తిన్నట్టే కనిపిస్తాయి. త్రాసు మీద పెడితే రెండు గ్రాములు.

మూడో వారంలో సెలైన్ పెట్టుకుంటూనే మత్తిచ్చి ఆ పన్ను తీసేశారు. ఈ వయసులో మత్తు అంటే నేను చాలా భయపడ్డాను, ఆ రోజంతా అన్నం తినలేదు. ఇంటికొచ్చిన మూడో రోజు మసి మొదటిసారి నోటికి రెండు వైపులా నమిలింది. కిడ్నీ తిండి ఇప్పుడు పాత తిండిలో కొద్ది కొద్దిగా కలుపుతున్నాం, అయిదో వంతు దగ్గరే ఆగి నెల అవుతోంది, ఆగనీ. జబ్బు పోలేదు, పోదు కూడా. వికారం మళ్లీ వచ్చే రోజులుంటాయి, పెదాలు నాకడం కనపడగానే మందు వేస్తున్నాను, తిండి మార్చడం లేదు. మొన్నటి బరువు 3.45.

నిన్న రాత్రి రాసుకున్నది ఇది: "2:10. చికెన్ నీళ్లతో, వెచ్చగా. 14 గ్రాములు పెట్టాను, 3 మిగిలాయి. నేల గీకలేదు."