ఉయ్యాలో చివర ‘లో’ ఎటు పోయింది?

మా పెద్దమ్మకు డెబ్బై దాటాయి. నకిరేకల్ దగ్గర పల్లెలో ఉంటుంది. ఎన్ని బతుకమ్మ పాటలు వచ్చో ఆమెకే లెక్క లేదు. వాళ్లమ్మ వెంట వరి నాట్లేస్తూ నేర్చుకున్నవి కొన్ని, అత్తగారింటికి వచ్చాక ఇరుగుపొరుగు ఆడవాళ్ల దగ్గర పట్టుకున్నవి కొన్ని. ఇప్పుడు పండగకు డీజే బాక్సులు వస్తున్నాయి, ఆమె పాట ఎత్తుకుంటే అందుకునే గొంతులు తగ్గుతున్నాయి. మొన్న ఎండాకాలం ఆమెను నల్లగొండలో మా ఇంటికి తీసుకొచ్చి పది రోజులు ఉంచుకున్నాను, పాటలన్నీ రికార్డు చేద్దామని.

ఫోన్‌తో చేస్తే చాలదా అన్నారు ఇంట్లో. ముందు అదే చేశాను. ఫోన్ లెవెల్‌ను తనంతట తానే పెంచి తగ్గిస్తుంది. పెద్దమ్మ గొంతెత్తగానే నొక్కేస్తుంది, ఆమె ఊపిరి తీసుకునే సందులో ఫ్యాన్ చప్పుడును పైకి లేపుతుంది. వింటుంటే బావిలోంచి ఎవరో పిలుస్తున్నట్టుంది. దాంతో హైదరాబాద్ వెళ్లి, కోఠిలో గుజరాతీ గల్లీ అంతా తిరిగి, వాడిన మైక్ ప్రీయాంప్ ఒకటి, గొంతును సరిదిద్దే వోకల్ ప్రాసెసర్ ఒకటి కొనుక్కొచ్చాను.

మైకు నా దగ్గర ముందే ఉంది. షూర్ ఎస్‌ఎం58, 1966 నుంచి తయారవుతున్న మోడల్, స్టేజీల మీద కనిపించే గుండ్రని జాలీ తల మైకు. దాని ముందు గట్టిగా పాడినా బయటికి వచ్చేది ఒకటి రెండు మిల్లీవోల్టులు. తర్వాతి పరికరాలకు కావలసింది ఒక వోల్టు అటూ ఇటూ. అంటే దాదాపు వెయ్యి రెట్లు పెంచాలి, 60 డెసిబెల్స్ గెయిన్ అంటే అదే. ఆ పెంచే పని ప్రీయాంప్‌ది. పాటతో పాటు వైర్లలో దూరిన చెత్త కూడా వెయ్యి రెట్లు పెరుగుతుంది. నాకు మొదటి రెండు రోజులు ఆ చెత్తతోనే సరిపోయింది.

స్విచ్ వేయగానే బుయ్యిమని ఒకటే మోత. మన కరెంటు 50 హెర్ట్జ్, మోత కూడా సరిగ్గా అక్కడా, దాని రెట్టింపు 100 దగ్గరా ఉంది. కేబుల్ మార్చినా పోలేదు. ఎందుకో లాప్‌టాప్ చార్జర్ పీకితే సగం తగ్గింది. చూస్తే, ప్రీయాంప్ ఒక గోడ బోర్డులో ఉంది, లాప్‌టాప్ ఎదుటి గోడ బోర్డులో ఉంది. ఎర్త్ రెండు దారుల్లో కలిసి చుట్టు తిరుగుతోంది. తెలిసిన ఒకాయన ప్లగ్గు మూడో పిన్ను తీసెయ్యమని సలహా ఇచ్చాడు. ఆ పని మాత్రం ఎవరూ చేయకండి. ఇనుప డబ్బాకు కరెంటు తగిలితే దాన్ని భూమిలోకి దింపేది ఆ పిన్నే. ఆ డబ్బాకు కలిపిన మైకు ముందు కూర్చునేది మా పెద్దమ్మ. అన్ని ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తెచ్చాను. ఇంకా కొంత మిగిలితే ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. అతను పెరట్లో ఎర్తింగ్ గుంత చూసి, మే నెల ఎండకు అందులో బొగ్గూ ఉప్పూ పొడిపొడిగా ఎండిపోయాయన్నాడు. నాలుగు బకెట్ల నీళ్లు పోశాం. సాయంత్రానికి ఆ మిగిలింది కూడా చాలావరకు తగ్గింది.

గదిలో మూడు వైపులా దండేలు కట్టి బొంతలు వేలాడదీశాం. ఫ్యాన్ ఆపాలి కాబట్టి ఒక్కో పాటకు పది నిమిషాలే. స్నేహితుడు ఒక కండెన్సర్ మైకు ఇచ్చాడు, సన్న చప్పుళ్లను కూడా పట్టే రకం, నడవడానికి కరెంటు కావాలి. ప్రీయాంప్ నుంచి మైకు వైరులోనే వెళ్లే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇచ్చి పెడితే గొంతు అద్దంలా వచ్చింది, దాంతో పాటే వీధిలో పోయే ఆటో హారన్ కూడా అంతే స్పష్టంగా వచ్చింది. మన ఇళ్లలాంటి చోట ఎస్‌ఎం58 లాంటి డైనమిక్ మైకే నయం. నోటికి బెత్తెడు దూరంలో పెట్టాను. ఇంకా దగ్గరకు జరిగితే గొంతు బొంగురుగా ఉబ్బుతుంది. 80 హెర్ట్జ్ దగ్గర లో కట్ స్విచ్ నొక్కితే కింది గుబగుబ పోయింది.

గెయిన్ పెట్టడంలో నేను చేసిన పొరపాటు చాలామంది చేస్తారనుకుంటా. ఆమె మామూలుగా మాట్లాడుతుంటే నాబ్ తిప్పి సరిచూసుకున్నాను. పాట మూడో వరసకు వచ్చేసరికి ఎర్ర లైటు వెలిగింది, గొంతు పగిలింది. అక్కడ పగిలిన దాన్ని తర్వాత ఏ డబ్బా అతికించలేదు. “పండగనాడు పది మందిలో పాడినట్టు పాడు పెద్దమ్మా” అని అడిగి, ఆమె అందుకోగల పైస్థాయి దగ్గర కూడా మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా పెట్టాను. ఇంకోటి, ప్రీయాంప్ నుంచి వచ్చే వైరును ప్రాసెసర్ మైక్ ఇన్‌పుట్‌లో పెట్టకూడదు, అప్పటికే పెరిగిన శబ్దం అక్కడ మళ్లీ పెరిగి గరగరమంటుంది, లైన్ ఇన్‌పుట్‌లోనే పెట్టాలి. ఆ గరగరకు నాకు ఒక పూట పోయింది.

అసలు కష్టం ప్రాసెసర్‌తో వచ్చింది. ‘లీడ్ వోకల్’ అని అందులో ముందే అమర్చి ఉన్న సెట్టింగ్ పెట్టి పాడించాను. పాట అయ్యాక వినిపిస్తే పెద్దమ్మ హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుని, “ఈ డబ్బ నా పాట తింటున్నదిరా బిడ్డా” అంది. నాకు అర్థం కాలేదు. మళ్లీ విన్నాను. ప్రతి వరస చివరా ఉయ్యాలోలో ‘లో’ సగంలో తెగిపోతోంది. ఆ ‘లో’ను ఆమె ఒక్కసారి ఆపదు, పల్చబరుస్తూ, కొంచెం కిందికి జారుస్తూ, తర్వాతి వరస ఊపిరిలో కలిపేస్తుంది. ప్రాసెసర్‌లో చప్పుడును ఆపే నాయిస్ గేట్‌కు గొంతు ఒక మట్టం కంటే తగ్గితే తలుపు మూసెయ్యడమే తెలుసు. పాట అక్కడే ఉందని దానికేం తెలుసు? గేట్ ఆపేశాను. ఆ జారుడును మెట్లు మెట్లుగా చేస్తున్నది పిచ్ కరెక్షన్, అంటే శ్రుతిని సరిదిద్దే భాగం. అదీ ఆపేశాను. ఆమె శ్రుతి హార్మోనియం మెట్లకు కట్టుబడి ఉండదు, ఆ పాటలూ అలా పుట్టలేదు.

పెద్ద శబ్దాలను నొక్కి మట్టం సమం చేసే కంప్రెసర్ మాత్రం పనికొచ్చింది, కానీ చప్పట్లతో పేచీ పడ్డాను. చప్పట్లు లేకుండా ఆమెకు పాట రాదు. చప్పట్లు పడ్డప్పుడల్లా కంప్రెసర్ దాన్నే పెద్ద శబ్దమనుకుని మొత్తాన్ని నొక్కుతుంటే గొంతు కుంగి లేస్తోంది. అటాక్‌ను, అంటే అది నొక్కడం మొదలుపెట్టడానికి తీసుకునే సమయాన్ని, 5 మిల్లీసెకన్ల నుంచి 25కు పెంచాను. చప్పట్ల దెబ్బ చాలా చిన్నది, కంప్రెసర్ పట్టుకునేలోపే దాటిపోతుంది. రేషియో 3కి 1, అంటే గీత దాటి మూడు డెసిబెల్స్ పెరిగితే ఒకటే పైకి వస్తుంది. పెద్దమ్మకు ముందు పన్ను ఊడిపోయింది కాబట్టి ‘చందమామ’లో ‘చ’ దగ్గర సన్నని ఈల వస్తుంది. అలాంటి ఈలలను తగ్గించే డీఎస్సర్‌తో 6 వేల హెర్ట్జ్ చుట్టూ కాస్త తగ్గించాను. పూర్తిగా తీసేస్తే ఆమె గొంతులా లేదు. గొంతుకు ప్రతిధ్వని చేర్చే రివర్బ్ అసలు వేయలేదు.

ఇంత చేసినా నాకు నమ్మకం చాలక, ప్రీయాంప్‌కు ఉన్న రెండో అవుట్‌పుట్‌ను నేరుగా ఇంకో ట్రాక్‌కు కలిపాను. ప్రాసెసర్‌లో నేను చేసినవి తప్పని రేపు తోస్తే, ఏమీ కలపని గొంతు విడిగా ఉంటుంది. పాత గొంతులు రికార్డు చేసేవాళ్లు ఇది తప్పక చేయాలి, ఎందుకంటే ఆ పాట రెండోసారి దొరకకపోవచ్చు.

తొమ్మిదో రోజు రాత్రి అన్నీ కూర్చి వినిపించాను. పెద్దమ్మ కళ్లు మూసుకుని, చేతి వేళ్లతో మోకాలి మీద చప్పట్ల లెక్క వేస్తూ వింది. నాలుగో పాటలో చెయ్యి ఆగిపోయింది. మళ్లీ ఏదో తెగిందేమోనని నాకు టెన్షన్.

“గీడ ఒక చరణం ఇడిసిన బిడ్డా. మా అమ్మ పాడేది.”

ఫ్యాన్ ఆపి, దండేల మీద బొంతలు సర్దాను.